ఊరి రాయి మీద అంకె ఉంది, పేర్లు కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు

నమస్కారం.

మీ ఊళ్ళో పాత బడి గోడలోనో, గుడి దగ్గరో, ఒకప్పటి మునసబు గారి చావిడి ముందో ఒక చిన్న రాతి పలక ఉండొచ్చు. దాని మీద ఇంగ్లీషులో రెండు మూడు వరసలు ఉంటాయి. ఈ ఊరి నుంచి ఇంతమంది 1914-1919 మహాయుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా చోట్ల ఇలాంటి పలకలు పెట్టించింది. వాక్యం అన్నిటి మీదా దాదాపు ఒకటే. మధ్యలో అంకెలు మాత్రం మారతాయి. ఎవరు వెళ్ళారో, ఎవరు చనిపోయారో రాయదు.

ఆ అంకెల పక్కన పేర్లు చేర్చే పని మీ పంచాయతీ చేపట్టాలని అడగడానికే ఈ ఉత్తరం. ఢిల్లీ, లండన్, అమరావతి, హైదరాబాద్ ఎంత తలుచుకున్నా ఈ పని సగమే చెయ్యగలవు. మిగతా సగం ఊళ్ళోనే ఉంది.

నేనెందుకు అడుగుతున్నానంటే, మా ముత్తాత ఆ అంకెల్లో ఒకడు. తణుకు వైపు మా ఊరు. మా ఇంట్లో అరచెయ్యి కంటే కాస్త పెద్దదైన కంచు బిళ్ళ ఒకటి ఉండేది. దాని మీద శూలం పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, ఆవిడ దగ్గర సింహం. మా నానమ్మ దాన్ని దుర్గమ్మ అనుకుని దేవుడి గూట్లో పెట్టి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేది. "మా మావగారు బస్రాలో పోయారంట, అప్పుడు పంపించారంట" అనేది, అంతకుమించి ఆవిడకీ తెలియదు. ఆ శూలం పట్టుకున్నావిడ బ్రిటానియా, బ్రిటన్ దేశాన్ని స్త్రీ రూపంలో చూపించే బొమ్మ. యుద్ధంలో చనిపోయిన సైనికుల ఇళ్ళకి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన స్మారక ఫలకం అది. మొత్తం 13 లక్షలకు పైగా పోతపోశారు. అంచు చుట్టూ "స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం మరణించాడు" అని ఇంగ్లీషులో ఉంటుంది. స్వేచ్ఛ అట! ఆ బిళ్ళలు పంచడం మొదలైన 1919లోనే ఇక్కడ రౌలట్ చట్టం వచ్చింది, జలియన్‌వాలా బాగ్‌లో తుపాకులు పేలాయి.

బిళ్ళ మీద ఒక పక్క చిన్న చట్రంలో మా ముత్తాత పేరు ఉంది. హోదా లేదు. జనరల్‌కైనా సిపాయికైనా ప్రాణం ఒకటే అని చెప్పడానికి కావాలనే అది వదిలేశారు. మాట బాగానే ఉంది గానీ, గోడ కట్టే దగ్గరికి వచ్చేసరికి ఆ సమానత్వం నిలవలేదు.

ఇరాక్‌లో బస్రా స్మారకం అని ఒకటుంది. అప్పట్లో ఆ దేశాన్ని మెసపొటేమియా అనేవాళ్ళు. 1914 చివరి నుంచి 1921 ఆగస్టు దాకా అక్కడ చనిపోయి, సమాధి ఎక్కడుందో తెలియని 40,500 మందికి పైగా మనుషుల కోసం 1929లో దాన్ని కట్టారు. వాళ్ళలో చాలా ఎక్కువమంది భారతీయులే. బ్రిటిష్ సైనికుల్లో 'ప్రైవేట్' అనే అట్టడుగు హోదా సిపాయి పేరు కూడా రాయి మీద చెక్కారు. మనవాళ్ళలో మాత్రం సుబేదారు, జమాదారు లాంటి ఆఫీసర్ల పేర్లు చెక్కి, ఆ కింద "మరో ఇంతమంది భారతీయ సైనికులు" అని రాసి సరిపెట్టారు. అంటే ఊళ్ళో రాయి మీదా అంకే, పోయిన చోట రాయి మీదా అంకే. పైగా ఆ స్మారకం కట్టిన చోట కూడా లేదిప్పుడు. 1997లో సద్దాం హుస్సేన్ ఆదేశంతో దాన్ని విప్పదీసి, నసీరియా వెళ్ళే దారిలో ఎడారి మధ్యకి మార్చారు.

ఆ సమాధులూ స్మారకాలూ చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. ఈ తేడా సంగతి ఆ సంస్థే 2021 ఏప్రిల్‌లో తన నివేదికలో ఒప్పుకుంది. 45,000 నుంచి 54,000 మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదనీ, ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మారకం లేదనీ, కొందరికి అసలు ఏ స్మారకమూ లేదనీ చెప్పి క్షమాపణ కోరింది. ఇందులో ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళది పెద్ద వాటా. క్షమాపణ వచ్చాక ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాం.

మనవాళ్ళ పేర్లు పూర్తిగా పోలేదు. గోడ ఎక్కకపోయినా జాబితాల్లో మిగిలాయి. ఇప్పుడు కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫోన్‌లోనే వెతుక్కోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పేరు, హోదా, నంబరు, పటాలం, చనిపోయిన తేదీ ఉంటాయి. చాలామందికి కింద ఇంకో వరస కూడా ఉంటుంది: ఫలానా వాళ్ళ కొడుకు, ఫలానా ఊరు, ఫలానా తాలూకా, ఫలానా జిల్లా అని. మనకి కావలసిందంతా ఆ వరసలోనే ఉంది, మనవాళ్ళు దారి తప్పేదీ అక్కడే.

మొదటి చిక్కు జిల్లా. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే ఏమీ రాదు. మా తణుకు 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. ఏలూరు, నరసాపురం, భీమవరం కూడా అంతే. శ్రీకాకుళం వాళ్ళు విశాఖలో వెతుకుతారు, కానీ ఆ తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలోది. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది కాబట్టి ఒంగోలు వాళ్ళు గుంటూరు కింద, కందుకూరు, కనిగిరి వాళ్ళు నెల్లూరు కింద, మార్కాపురం వాళ్ళు కర్నూలు కింద చూడాలి. మదనపల్లె 1911కి ముందు కడపది, ఆ తర్వాత చిత్తూరుది. ఆంధ్రలో 2022లో 26 చేశాం, తెలంగాణలో 33 చేశాం అని మురిసిపోతున్నాం గానీ, చనిపోయినవాళ్ళు ఇంకా పాత జిల్లాల్లోనే ఉన్నారు. ఆ పాత జిల్లాల, పట్టణాల స్పెల్లింగు కూడా దొరల కాలంది. కృష్ణాని కిస్ట్నా అనీ, విశాఖపట్నాన్ని విజగపటం అనీ, కాకినాడని కొకనాడా అనీ, ఏలూరుని ఎల్లోర్ అనీ, శ్రీకాకుళాన్ని చికకోల్ అనీ రాసేవాళ్ళు.

రెండో చిక్కు ఊరి పేరు. భర్తీ చేసుకునే చోట కూర్చున్న గుమాస్తా చెవికి ఏది వినబడితే అది రాశాడు. ఎర్రవరం, యర్రవరం, ఎఱ్ఱవరం మూడూ మనకి ఒకటే, కంప్యూటర్‌కి మూడు ఊళ్ళు. పాలెం, పాడు, పూడి, పర్రు లాంటి చివరి ముక్కలు ఒకదానికొకటి తారుమారు అయిపోయాయి.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఆ వరసల్లో ఇంటిపేరు సాధారణంగా ఉండదు. రాములు, తండ్రి అప్పన్న. అంతే. ఒక తాలూకాలో అప్పన్న కొడుకు రాములు ఎంతమంది ఉండి ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ అప్పన్న ఏ ఇంటివాడో, ఏ పేటవాడో, అతని వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పగలిగే మనిషి లండన్‌లో లేడు. మీ ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఎనభై ఏళ్ళు దాటాయి. అందుకే తొందర పెడుతున్నాను.

ఈ పని అయ్యేదే అనడానికి పంజాబే ఉదాహరణ. యుద్ధం అవగానే అక్కడి ప్రభుత్వం ఊరూరా ఎవరెవరు వెళ్ళారో రిజిస్టర్లు రాయించింది. సుమారు 3,20,000 మంది వివరాలున్న ఆ పుస్తకాలు లాహోర్ మ్యూజియంలో దాదాపు వందేళ్ళు పడి ఉన్నాయి. బ్రిటన్‌లో ఉండే పంజాబీల సంఘం ఒకటి, అక్కడి గ్రీన్‌విచ్ యూనివర్సిటీ కలిసి వాటిని డిజిటల్ చేయడం మొదలుపెట్టి, 2021లో మొదటి విడత జనం ముందు పెట్టాయి. ఊరి పేరు కొడితే ముత్తాత కనబడుతున్నాడు. మనకి అలాంటి రిజిస్టర్ చేతిలో లేదు. పోనీ పటాలాన్ని అడుగుదామంటే, ఆనాటి మద్రాసు కాల్బలం పటాలాలు 1920ల్లోనే రద్దయిపోయాయి. ఇప్పుడున్న మద్రాస్ రెజిమెంట్‌ని రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ లేపారు. మధ్యలో తెగకుండా వచ్చింది బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్స్, అంటే సైన్యానికి దారులు, వంతెనలు కట్టే పటాలం మాత్రమే. అందుకని మనం రెండో వైపు నుంచి మొదలుపెట్టాలి, అంటే ఊరి నుంచి.

ఏం చెయ్యాలంటే, ముందు రాయి ఎక్కడుందో చూడండి. సున్నం కింద ఉంటే సున్నం మెల్లిగా గీకించండి, యాసిడ్ పొయ్యొద్దు, గ్రైండర్ పెట్టొద్దు. మా ఊళ్ళో పలక పాత బడి గోడలో ఉండేదట. ఆ గోడ పడగొట్టి కొత్త గదులు కట్టినప్పుడు రాళ్ళతో పాటు అదీ వెళ్ళిపోయింది. ఎవరినీ తప్పుపట్టడం లేదు, అదేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. మీ ఊళ్ళో అలా జరగకూడదనే చెబుతున్నాను. ఫొటో తీయండి. మీ ఊరి అంకె ఏమిటో తెలుస్తుంది, అంటే ఎంతమంది కోసం వెతకాలో తెలుస్తుంది.

తర్వాత మీ ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారినో, టీచరమ్మనో పట్టుకోండి. కమిషన్ వెబ్‌సైట్‌లో ఏ దేశ సైన్యమో అడిగే దగ్గర ఇండియన్ అని ఎంచుకుని, అదనపు సమాచారం గడిలో తాలూకా పేరు కొడితే జాబితా వస్తుంది. దాన్ని ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇస్తే ఊళ్ళ పేర్లు గుర్తుపట్టేస్తారు, ఆ స్పెల్లింగులు వాళ్ళకి సరదాగా కూడా ఉంటాయి. తెలుగులో రాసి, పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపేవాళ్ళకి కాస్త పని దొరుకుతుంది.

ఇళ్ళల్లో వెతకమనండి. కంచు బిళ్ళ ఉంటే దాని మీద పేరు ఉంటుంది. వెండి పతకం ఉంటే దాని అంచు చూడాలి. నంబరు, హోదా, పేరు, పటాలం అక్కడ సన్నని అక్షరాల్లో గుద్ది ఉంటాయి. చాలా ఇళ్ళల్లో ఆ వెండి కరిగి మొలతాడో, కడియమో అయిపోయింది, కరువు రోజుల్లో ఎవరు మాత్రం దాచుకోగలరు? సైన్యం వెంట కూలీలుగా వెళ్ళినవాళ్ళకి అదే పతకం కంచులో ఇచ్చారు. కరిగిస్తే డబ్బులు రావు కాబట్టి అవి ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. ట్రంకు పెట్టెల అడుగున చూడమనండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేటలకి కూడా వెళ్ళండి. ముందు అక్కడికే వెళ్ళండి. మద్రాసు సైన్యంలో, ముఖ్యంగా సాపర్స్‌లో, దారులు వేసే పయనీర్ల పటాలాల్లో దళితులు, క్రైస్తవులు చాలామంది ఉన్నారు. తుపాకీ పట్టినవాళ్ళే కాదు, వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, కంచరగాడిదల బళ్ళు తోలినవాళ్ళు, పాకీ పనివాళ్ళు, రేవుల్లో బరువులు మోసినవాళ్ళు కూడా పోయారు. వాళ్ళలో చాలామంది పేర్లు కూడా కమిషన్ జాబితాల్లో ఉన్నాయి. రాయి ఊరి నడిమధ్య ఉన్నా, అంకెలోని మనుషులు ఊరి చివర ఉండి ఉండొచ్చు. ఫలానా కులంవాళ్ళం మేమే యోధులం అని చెప్పుకోవడానికి ఈ జాబితా వాడితే మొత్తం పని పాడైపోతుంది.

అక్కడ ఎలా పోయారో కూడా తెలుసుకోవాలి, లేకపోతే అందరినీ సినిమా హీరోల్లా ఊహించుకుంటాం. మెసపొటేమియాలో ఎండ, దోమలు, కలరా, చాలని తిండి వల్ల వచ్చే స్కర్వీ, బెరిబెరి మనుషుల్ని తినేశాయి. వైద్యం, రవాణా ఎంత ఘోరంగా ఉండేవంటే దాని మీద బ్రిటిష్ ప్రభుత్వమే విచారణ కమిషన్ వేసింది, 1917లో ఆ నివేదిక బయటికి వచ్చి పెద్ద గొడవ అయింది. కుట్ అనే ఊళ్ళో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా మనవాళ్ళున్న బ్రిటిష్ సైన్యాన్ని తురుష్క సైన్యం చుట్టుముడితే, ఆకలితో గుర్రాల మాంసం తినాల్సి వచ్చింది. మత నియమం వల్ల చాలామంది భారతీయ సిపాయిలు చాలాకాలం దాన్ని ముట్టలేదు. చివరికి సుమారు 13,000 మంది లొంగిపోయారు. సైన్యాధిపతి జనరల్ టౌన్‌షెండ్‌ని ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో బంగళాలో ఉంచి మర్యాద చేశారు. సిపాయిల్ని ఎడారిలో నడిపించి, ఇప్పటి సిరియాలోని రాస్ అల్ అయిన్ దగ్గర రైలు కట్ట పనికి పెట్టారు. మా ముత్తాత కుట్‌లో లేడు. 1916 ఎండల్లో బస్రాలో జబ్బుచేసి పోయాడు. తుపాకీ గుండు తగల్లేదు.

రాయి దగ్గర జబ్బుతో పోయినవాడు అని తక్కువ చెయ్యకండి. కమిషన్ లెక్కలో కూడా అది తక్కువ కాదు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు కొలువులో ఉండి, ఏ కారణంతో పోయినా, బెంగళూరు ఆస్పత్రిలో పోయినా, లెక్కలోకి వస్తాడు. మీ ఊరివాడు ఒకడు అలా పోయాడని కాగితం ఆధారం ఉండి, జాబితాలో పేరు లేకపోతే, చేర్చమని కమిషన్‌కి రాయవచ్చు. పింఛను కాగితం, డిశ్చార్జి కాగితం, పటాలం నుంచి వచ్చిన ఉత్తరం, ఏది దొరికినా పారెయ్యకండి.

మీలో కొందరు అడుగుతారని తెలుసు. తెల్లవాళ్ళ సైన్యంలో చేరి, మనకి ఏ ద్రోహమూ చెయ్యని అరబ్బుల మీదికీ, తురుష్కుల మీదికీ వెళ్ళినవాళ్ళకి మళ్ళీ రాయి ఎందుకు అని. న్యాయమైన ప్రశ్న. యుద్ధం అయిన రెండు మూడేళ్ళకే చీరాల-పేరాల జనం పన్ను కట్టం అని ఇళ్ళు వదిలి బయటికొచ్చేశారు, పెదనందిపాడులో శిస్తు నిరాకరించారు. వాళ్ళకి ఉన్న స్థానం మా ముత్తాతకి ఇమ్మని నేను అడగను. ఆయన దేశం కోసం వెళ్ళలేదు. నెలకి 11 రూపాయల జీతం కోసం వెళ్ళాడు. అప్పుంది, పొలం లేదు, ఊళ్ళో ఉంటే దొరికే కూలి మీకు తెలిసిందే. సామ్రాజ్యం ఎవరిదో, గొడవ ఎందుకో ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. వీరుడు అనక్కర్లేదు, ద్రోహి అనక్కర్లేదు. ఈ ఊరివాడు, ఇంటికి తిరిగి రాలేదు. ఆ మాత్రం ఊరు రాసుకోకూడదా?

తెలంగాణ ఊళ్ళ సంగతి కాస్త వేరు. అప్పుడది నిజాం రాజ్యం కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీ పలకల్లాంటివి అక్కడ వెతకొద్దు. హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టుకి, పాలస్తీనాకి వెళ్ళిన గుర్రపు దళం. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లవే. ఆ రంగంలో పోయి, సమాధి తెలియని భారతీయుల పేర్లు కైరో దగ్గర హీలియోపొలిస్ స్మారకం జాబితాలో చూడాలి. హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో అడిగితే దొరికే కుటుంబాలు ఉండొచ్చు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి ఈ ఉత్తరం అవసరం లేదు. మిలిటరీ మాధవరం అని పేరే పడిన ఊరది, తరతరాలుగా సైన్యంలోకి వెళుతున్నవాళ్ళు, వాళ్ళ స్మారకం వాళ్ళు చూసుకుంటున్నారు. ఒక్కరో ఇద్దరో వెళ్ళిన ఊళ్ళ కోసం నేను రాస్తున్నాను. అలాంటి చోటే మర్చిపోవడం తేలిక.

పేర్లు తేలాక పాత రాయి జోలికి పోకండి. దాని మీద రంగులు వెయ్యొద్దు, అక్షరాలు మార్చొద్దు. పక్కనే ఇంకో రాయి పెట్టండి, తెలుగులో. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ పటాలంలో ఏ పని, ఏ సంవత్సరం, ఏ చోట పోయాడు. తెలియనిది ఖాళీ వదలండి, ఊహించి రాయొద్దు. అంకె ఐదని ఉండి ముగ్గురే దొరికితే ముగ్గురి పేర్లూ చెక్కి, ఇంకో ఇద్దరికి చోటు ఉంచండి. ఆవిష్కరణకి ఎవరిని పిలుచుకున్నా మీ ఇష్టం, రాయికి అడ్డంగా మాత్రం ఫ్లెక్సీ కట్టకండి.

అయ్యే ఖర్చు ఒక రాయి, చెక్కేవాడి కూలి. పంచాయతీ నిధుల్లో ఇమడకపోతే చందాలకి ఊరివాళ్ళు, బయట ఉన్న ఊరివాళ్ళు ముందుకొస్తారు. గుడికీ చర్చికీ మసీదుకీ ఇచ్చేవాళ్ళు దీనికీ ఇస్తారు. కానీ రాయి కంటే ముందు జాబితా కావాలి, జాబితా కంటే ముందు ఆ అరుగు మీద పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "తాతా, మనూళ్ళోంచి అప్పట్లో పటాలంలోకి ఎవరెవరు వెళ్ళారు?" అని అడగాలి. ఆ పని ఈ వారమే చెయ్యండి.

ఇట్లు,
బస్రాలో పోయిన ఒక సాపర్ మునిమనవడు
తణుకు ప్రాంతం